బీడు, బంజరు, పోడు: వదిలేసిన నేలని ఏమనాలి?

రాయగడ నుంచి:
నమస్కారమండీ. మా వీధి పిల్లలకి సాయంత్రాలు భూగోళం తెలుగులో చెబుతుంటాను, బడిలో వాళ్లది ఒడియా చదువు. భూ వినియోగం పాఠం దగ్గర చిక్కొచ్చింది. పంట లేని నేలని ఒకసారి బీడంటున్నాం, ఒకసారి బంజరంటున్నాం. మరి కొండమీద పోడు కొట్టి వదిలేసిన నేల చెక్క ఏమవుతుంది?

గుణుపురం నుంచి:
రెండూ ఒకటి కాదు మాస్టారూ. బీడుకి రైతు ఉన్నాడు, వచ్చే ఏడు అరక కడితే అదే చేను. బంజరులో ఆ పొత్తు లేదు. సర్కారు లెక్కలో నేల తొమ్మిది తరగతులు. ఈ ఏడాది వెయ్యనిది ప్రస్తుత బీడు, ఐదేళ్లలోపుది ఇతర బీడు, ఐదేళ్లు దాటితే సాగుకు పనికొచ్చే వృథా భూమి.

జయపురం నుంచి:
ఆ ఐదేళ్ల గీతే నాకు బాధ. పోడులో చెట్టూ చేమా కొట్టి, ఎండనిచ్చి, వానలకి ముందు కాల్చి, ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు, వలిసెలు వేస్తారు. రెండు మూడేళ్లకి సత్తువ తగ్గితే ఇంకో చెక్కకి వెళ్తారు. పాతదాంట్లో మోళ్లు చిగిర్చి అడవి మళ్లీ లేవాలి. పూర్వం పదేళ్లు, అంతకు మించీ వదిలేవారు. అంటే నేలకి ఎంత బాగా విశ్రాంతినిస్తే ఈ లెక్కలో అంత వృథా! ఇప్పుడు నేల చాలక మూడు నాలుగేళ్లకే మళ్లీ కొడుతున్నారు. మట్టి కొట్టుకుపోయేది అందుకే, నింద మాత్రం పోడు మొత్తానికి.

పైగా ఈ చెక్కలు చాలావరకు కాగితం మీద అడవి కిందే ఉంటాయి. 2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకి 4 హెక్టార్ల వరకు హక్కు ఇస్తుంది. అలాంటప్పుడు వదిలిన చెక్కని బంజరు అని రాస్తే ఆ సాగు ఆనవాలే పోతుంది. ‘వదిలిన పోడు’ అని రాయండి, చాలు.

మా కొరాపుట్ జిల్లాలో ఒకే వాలుకి డొంగర, పదర, బెడ, ఝోల అని పైనుంచి కిందికి పేర్లున్నాయి. ఝోల అంటే వాగు పారే లోయ అడుగుని గట్లు కట్టి వరి మడి చేసినది. ఈ సాగు పద్ధతుల్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారసత్వంగా గుర్తించింది.

పర్లాకిమిడి నుంచి:
కొండంటే పోడే అనుకోకండి. మా గజపతి జిల్లాలో సవరలు రాళ్ల గట్లతో వాలుని మెట్లుగా చెక్కి, ఊటనీటితో వరి పండిస్తారు. పిల్లలకి ఆ మళ్లు చూపించండి.

రాయగడ నుంచి:
సంతోషమండీ. పరీక్షలో ఏం రాయమనను?

గుణుపురం నుంచి:
ఐదేళ్ల లెక్కే రాయమనండి, ప్రశ్న అడిగేది అదే. దాని కింద వదిలిన పోడు గురించి ఒక్క వాక్యం కలపమనండి.