ఏఐకి మన పుస్తకాలు: రాయల్టీ ఇస్తే చాలా, రచయితను అడగాలా?

గోదారిగట్టు:
కేంద్రంలో పరిశ్రమలు, అంతర్గత వాణిజ్యం చూసే శాఖ డీపీఐఐటీ. అది వేసిన కమిటీ 2025 డిసెంబరులో ఒక ప్రతిపాదన పత్రం బయటపెట్టింది. చట్టబద్ధంగా చేతికొచ్చిన ఏ రచననైనా ఏఐ కంపెనీలు శిక్షణకు వాడుకోవచ్చట. బదులుగా రాయల్టీ కడతాయి. "నా పుస్తకం ముట్టుకోవద్దు" అనే వీలు మాత్రం రచయితకు లేదు. నా పొలాన్ని నన్నడగకుండా కౌలుకిచ్చి, కౌలెంతో కూడా వాళ్లే తేల్చినట్టుంది. మీరేమంటారు?

కోడ్‌బాబు:
చదవడానికి కూడా పర్మిషనా? పది నవలలు చదివినవాడే కదండీ పదకొండోది రాసేది. శిక్షణ ఫెయిర్ యూజేనని, అంటే అనుమతి లేకుండా వాడుకున్నా తప్పులేదని, అమెరికాలో జడ్జి ఆల్సప్ 2025 జూన్‌లో తేల్చేశారు. అసలే నెట్‌లో తెలుగు తక్కువ. ఉన్న మంచి పుస్తకాలూ ఇవ్వబోమంటే ఏఐ తెలుగు ఇలా ఏడుస్తూనే ఉంటుంది.

ప్లీడరమ్మ:
బాబుగారూ, తీర్పు సగమే చదివినట్టున్నారు. ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ మీద కేసు అది. అచ్చు పుస్తకాలు కొని, బైండింగు కోసి, పేజీలు స్కాన్ చేసి, కాగితాలు పారేశారు. దానికి తప్పు పట్టలేదు. పైరసీ సైట్ల నుంచి 70 లక్షలకు పైగా కాపీలు దింపి దాచుకోవడం మాత్రం ఫెయిర్ యూజ్ కాదన్నారు. చివరికి 150 కోట్ల డాలర్లకు రాజీ. పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు.

ఇక్కడే మనకు తగిలే మెలిక. ఆ డబ్బు రావాలంటే పుస్తకం అమెరికా కాపీరైట్ ఆఫీసులో సకాలంలో నమోదై ఉండాలి. మన 1957 చట్టంలో నమోదు తప్పనిసరి కాదు, రాసిన రోజు నుంచే హక్కు. సొంత ఖర్చుతో 500 కాపీలు వేసుకునే తెలుగు రచయిత అమెరికాలో నమోదు చేయిస్తాడా? అందుకే కౌలే అయినా, ఇక్కడ ఏదో ఒక పద్ధతి ఉండటం నయం.

కోడ్‌బాబు:
అదే కదా నేననేది! 1985లో పోయిన రచయితకు 2045 చివరిదాకా హక్కుంటుంది. వారసులు గుంటూరులో ఉన్నారో, డాలస్‌లో ఉన్నారో. ఎవరిని అడగాలి?

గోదారిగట్టు:
వాళ్లు దొరకలేదు, సరే. నేను బతికే ఉన్నానుగా! పుస్తకం వెనక అట్ట మీద నా ఫోన్ నంబరుంది. యూరప్‌లో 2019 కాపీరైట్ ఆదేశం (డైరెక్టివ్) ప్రకారం వద్దనుకున్నవాళ్లు వద్దనొచ్చు. పరిశోధన సంస్థలకు మినహాయింపు ఉంది, దానికి నాకూ అభ్యంతరం లేదు. కంపెనీల విషయంలో ఆ "వద్దు" మనకెందుకు లేదు?

కోడ్‌బాబు:
అందరూ వద్దంటే?

గోదారిగట్టు:
అప్పుడు ఫోన్ చేయమనండి. రేటు మాట్లాడుకుందాం.

ప్లీడరమ్మ:
ఆ ఫోన్ మీకు వస్తుంది. 500 కాపీల రచయితకు రాదు.