కెన్యాలో మా భాగస్వామి సంఘాల దగ్గరికి మొదటిసారి వెళ్తున్నాను, సలహా కావాలి

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా ట్రస్టు తరఫున వచ్చే నెల రెండు వారాలు కిసుము వెళ్తున్నాను. మేము సాయం చేస్తున్న మూడు మహిళా సంఘాలను చూసి రావాలి. దేశం దాటడం ఇదే మొదటిసారి. టికెట్, ఈటీఏ (కెన్యా వెళ్ళడానికి ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) అయిపోయాయి. దిగాక మొదటి మూడు నాలుగు రోజులు ఎలా నడుచుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎల్లో ఫీవర్ టీకా సంగతి రాయలేదేంటండీ? కెన్యా నుంచి తిరిగొచ్చినప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉండాల్సి రావచ్చు. టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. అన్ని ఆసుపత్రుల్లోనూ వేయరు, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో కనుక్కోండి. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, మలేరియా ఉన్న చోటు. మాత్రల గురించి డాక్టర్‌ను ఇప్పుడే అడగండి.

ఇంకో జవాబు: నేను ఆ వైపే పనిచేసి వచ్చాను. అన్నిటికంటే ముందు గడియారం గురించి చెప్తాను. అక్కడ మాట్లాడే స్వాహిలీ భాషలో గంటలు పొద్దున ఆరు నుంచి లెక్క. మన పెద్దలు సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టే. ‘సా తాతు’ అంటే మాట ప్రకారం మూడో గంట, మన వాచీలో తొమ్మిది. నేను మధ్యాహ్నం మూడనుకుని వెళ్లాను. ఇరవై మంది ఆడవాళ్ళు పొలం పనులు మానుకుని పొద్దుటి నుంచి నా కోసం కూర్చున్నారు. ఒక్కరూ కోప్పడలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు నాకు. ఎవరు టైమ్ చెప్పినా వాచీ చూపించి ఖాయం చేసుకోండి.

మొదటి రోజు లెక్కల పుస్తకం అడగకండి. విజిటర్స్ బుక్ ఇస్తారు, సంతకం చేయండి. ప్రార్థనతో మొదలుపెడితే లేచి నిలబడండి. ఉగాలి పెడతారు, మొక్కజొన్న పిండితో చేసింది. మన సంకటి లాగే చేత్తో తినడమే, కాబట్టి మీకు కష్టం ఉండదు. కొంచెమైనా తినండి. అక్కడ లువో మాట్లాడేవాళ్ళు ఎక్కువ. ‘ఎరోకమానో’ అంటే కృతజ్ఞతలు, అదొక్కటి నేర్చుకున్నా వాళ్ళ ముఖాలు వెలుగుతాయి. ఫొటోలు అడిగాకే తీయండి, పిల్లలవైతే తల్లిని అడిగి. లెక్కలు రెండో మూడో రోజున, డబ్బు చూసే ఆవిడ పక్కన ఉన్నప్పుడు చూడండి. ఎంపెసా (ఫోన్‌తో డబ్బు పంపే సర్వీసు) మెసేజీలు చూపిస్తారు, అక్కడ చాలా లావాదేవీలు ఫోన్లోనే.

అడిగినవారు: చాలా థాంక్స్ అన్నా. ఇంకో కుట్టుమిషన్ కావాలని అడిగితే ఏమనాలి?

రెండో జవాబు ఇచ్చినవారు: ‘చూద్దాం’ అని మాత్రం అనకండి. మనం మొహమాటానికి అనే ఆ మాట, డబ్బు పంపే సంస్థ మనిషి నోట వస్తే మాట ఇచ్చినట్టే అవుతుంది. ‘నిర్ణయం నా చేతిలో లేదు, మీరు చెప్పింది రాసుకుని మా వాళ్ళకు చెప్తాను’ అనండి. వాళ్ళ ముందే రాసుకోండి. తిరిగొచ్చాక ఫలితం అవునైనా కాదైనా తప్పకుండా తెలియజేయండి. చాలామంది అక్కడే మర్చిపోతారు, వాళ్ళేమో ఎదురుచూస్తూనే ఉంటారు.

మొదటి జవాబు ఇచ్చినవారు: ప్లగ్ మనది కాదు, మూడు దీర్ఘచతురస్రాకారపు పిన్నులది, అడాప్టర్ తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ క్యారీబ్యాగులు 2017 నుంచి నిషేధం, సామాను వాటిలో సర్దకండి.

అడిగినవారు: రేపు పొద్దున్నే ఐపీఎంకి ఫోన్ చేస్తాను. ప్రయాణానికి ఇంకా పంతొమ్మిది రోజులుంది.