పాపకి 21 నిండేలోపు గ్రీన్‌కార్డ్ డేట్ వస్తుందా? ఈబీ3కి మారడమా, కెనడానా?

తెనాలి_టు_టెక్సాస్:
అందరికీ నమస్తే. ఏళ్ల తరబడి ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, కాస్త పెద్ద పోస్ట్ అవుతుంది, ఏమనుకోకండి.

2011లో హెచ్1 (ఉద్యోగ వీసా) మీద అమెరికా వచ్చా, అప్పటికి పాపకి రెండేళ్లు. గ్రీన్‌కార్డ్‌కి ఈబీ2 కేటగిరీ (ఈబీ3 దాని కింది మెట్టు), ప్రయారిటీ డేట్ (లైన్లో నా చోటు) 2015 ఫిబ్రవరి, ఐ-140 (కంపెనీ వేసే పిటిషన్) ఎప్పుడో అప్రూవ్ అయింది. అప్పట్నుంచీ అదే కంపెనీ, దాదాపు అదే కుర్చీ. రెండుసార్లు మేనేజర్‌ని చేస్తామన్నారు, పని స్వరూపం మారితే పెర్మ్ (ఐ-140కి ముందు కావాల్సిన లేబర్ సర్టిఫికెట్) మళ్లీ మొదట్నుంచి చెయ్యాల్సి రావచ్చని లాయర్ అనేసరికి వద్దన్నా. నా కింద చేరిన కుర్రాడు ఇప్పుడు నాకు బాస్. మంచివాడే పాపం.

నా గోల అది కాదు. పాపకి పదిహేడు దగ్గరపడుతున్నాయి. మొన్న వేసవిలో ఫ్రెండ్స్ అందరూ ఐస్‌క్రీమ్ షాపులో పనికి చేరుతుంటే తనూ ఫారం తెచ్చుకుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ గడి దగ్గర ఆగి "నాన్నా, ఇక్కడేం రాయాలి?" అంది. హెచ్4 (హెచ్1 వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకి ఆ నంబరూ ఇవ్వరు, పనీ చెయ్యనివ్వరు. ఇక్కడే పుట్టిన మా చిన్నోడు పక్కనుంచి "నాకుందిగా అక్కా, నాది రాసుకో" అన్నాడు. అందరం నవ్వాం గానీ ఆ ఫారం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

21 నిండితే హెచ్4 పోతుంది, నా లైన్లోంచి తను పక్కకి పడిపోతుంది. ఈబీ3కి డౌన్‌గ్రేడ్ చేస్తే ఏమైనా లాభమా? లేక కెనడా చూసుకోవాలా (నాకు 44)? ఇంకోటి, తెనాలిలో అమ్మ ఒక్కతే ఉంది, చూసి నాలుగేళ్లయింది. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ ఎక్స్‌పైర్, డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా రెన్యువల్) తీసేశారు, వెళ్లాక హైదరాబాద్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ వాయిదా పడితే అక్కడే ఇరుక్కుపోతానని టెన్షన్.

బులెటిన్_బాధితుడు:
అన్నా, నీ డేట్ చూస్తే కడుపు మండింది. 2020 అక్టోబర్‌లో ఈబీ3 ఫైలింగ్ డేట్ (ఆఖరి అప్లికేషన్ వేసుకోనిచ్చే డేట్) 2015 జనవరి 1 దాకా తెరిచారు, గుర్తుందా? జనమంతా డౌన్‌గ్రేడ్‌లకి ఎగబడ్డారు. నువ్వు నెలన్నరలో మిస్సయ్యావు. 2022 సెప్టెంబర్‌లో ఈబీ2 కార్డులిచ్చే డేట్ ఏకంగా 2014 డిసెంబర్ 1కి వచ్చింది, అక్టోబర్‌లో 2012 ఏప్రిల్‌కి, డిసెంబర్‌కల్లా 2011 అక్టోబర్‌కి పోయింది. నాది 2014 జులై. ఆ సెప్టెంబర్‌లో అప్రూవల్ వస్తుందని రోజుకి పదిసార్లు స్టేటస్ చూసుకునేవాణ్ణి, నంబర్లు అయిపోయాయన్నారు. 485 (ఆ ఆఖరి అప్లికేషన్) ఇప్పటికీ పెండింగే.

అసలు ఉద్యోగాల మీద ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు 1,40,000. అందులో భార్యాపిల్లలు కూడా లెక్కే. ఒక్కో దేశానికి 7 శాతం. 1990లో రాసిన లెక్క, మనమైనా ఐస్‌లాండ్ అయినా అదే 7. 2019 జులైలో ఈ 7 శాతం పరిమితి తీసేసే బిల్లు హౌస్‌లో 365-65తో పాసైన రోజు మా ఇంట్లో పాయసం చేశాం. 2020 డిసెంబర్‌లో సెనేట్ తన వెర్షన్ తను పాస్ చేసింది, రెండూ కలవలేదు, అంతే సంగతులు. అప్పట్నుంచి బిల్లు వార్త వస్తే మా ఆవిడ "పాలు పొయ్యి మీద పెట్టనా?" అని ఎగతాళి చేస్తుంది.

పెర్మ్_పంతులు:
పై ఆయన బాధ నిజమే గానీ ప్రశ్నకి జవాబు రాలేదు. తెనాలి గారూ, మీ ఐ-140 ప్రీమియంలో వేశారా? ఎందుకు అడుగుతున్నానంటే, సీఎస్‌పీఏ (పిల్లల వయసు లెక్కగట్టే చట్టం) లెక్కలో డేట్ వచ్చిన రోజుకి పాప వయసులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు. డబ్బు కట్టి పదిహేను రోజుల్లో అప్రూవ్ చేయించుకున్నవాళ్లకి తీసెయ్యడానికి రోజులే ఉండవు. ఏడాది పాటు నానినవాళ్లకి ఏడాది కలిసొస్తుంది. తొందరపడ్డందుకు ఇదీ బహుమానం.

కంపెనీ మారలేదు కాబట్టి పాత పెర్మ్ మీదే ఈబీ3 ఐ-140 వేయొచ్చు, ప్రయారిటీ డేట్ అదే వస్తుంది. లాయర్ సరిగ్గా వేస్తే ఈబీ2 కూడా చేతిలోనే ఉంటుంది. ప్రీమియం మాత్రం వద్దు. అది ఎంతకాలం పెండింగ్‌లో ఉంటే అంత మంచిది. ఇంకో మెలిక: 2025 ఆగస్టు 15 తర్వాత వేసే అప్లికేషన్లకి ఈ లెక్కలో ఫైనల్ యాక్షన్ డేటే (కార్డు ఇచ్చే డేట్) చూస్తారు, ఫైలింగ్ డేట్ వచ్చింది కదా అని వయసు ఆగదు. నిజం చెప్పాలంటే ఈ వేగానికి నాలుగేళ్లలో మీ ఫిబ్రవరి రావడం కష్టమే, కానీ ఈబీ2, ఈబీ3 ఒకదాన్నొకటి దాటుతుంటాయి కదా, రెండు టికెట్లు ఉంటే నయం.

గచ్చిబౌలి_గాలి:
అంత ఏడుపెందుకు, బ్యాగులు సర్దుకుని వచ్చెయ్యండి. ఎవరు ఆపారు?

హెచ్4_అమ్మ:
గాలి గారూ, పదకొండో క్లాసు పిల్లని తీసుకొచ్చి ఏ ఇంటర్‌లో కూర్చోబెట్టాలో, తెలుగు చదవడం రాని పిల్లకి ఏం చెప్పాలో అది కూడా రాస్తే బాగుండేది.

తెనాలి అన్నయ్యా, మా పెద్దమ్మాయిది ఇదే కథ, కాలేజీ రెండో ఏడులో 21 నిండింది. పుట్టినరోజుకి బాగా ముందే ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మార్చమని ఐ-539 ఫారం వేశాం, చివరి నెల దాకా ఆగొద్దు. ఫెడరల్ ఎయిడ్ మన పిల్లలకి రాదు, ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంవాళ్లకుండే తక్కువ ఫీజు) హెచ్4కి ఇచ్చి ఎఫ్1కి మారాక ఇవ్వని చోట్లున్నాయి, కాలేజీ ఎంచుకునేముందే ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. కేక్ కోసిన రోజు రాత్రి మా అమ్మాయి "నేనిప్పుడు విజిటర్‌నా అమ్మా?" అని అడిగింది. రెండేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు.

కాల్గరీ_చలి:
కెనడా సంగతి నేను చెప్తా. 2023 జులైలో హెచ్1 వాళ్లకని తెరిచిన 10,000 వర్క్ పర్మిట్లు రెండ్రోజుల్లో అయిపోయాయి, నేను అందులోనే వచ్చా. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు చూసి పీఆర్ ఇచ్చే పద్ధతి) 30 నుంచి వయసు పాయింట్లు తగ్గుతూ 45కి సున్నా అవుతాయి. మీకు 44 కాబట్టి వయసు మీద ఆశ పెట్టుకోకండి. మీ ఆవిడ మీకంటే చిన్నదైతే ఆవిడ పేరు మీద వెయ్యండి. ఇక్కడ 22 లోపు వాళ్లు పిల్లల కిందే లెక్క, కాస్త ఊపిరి ఉంటుంది. జీతం తగ్గుతుంది, అది దాచను.

తెనాలి_టు_టెక్సాస్:
పంతులు గారూ, పాత ఫైలు తీసి చూశా. ప్రీమియమే. 13 రోజులు. అప్పట్లో ఆ డబ్బు నా జేబులోంచే కట్టి, వచ్చిందని ఆఫీసులో స్వీట్లు కూడా పంచాను.

మా ఆవిడకి 38, ఐఎల్‌టీఎస్‌కి రిజిస్టర్ అవుతోంది. ఈబీ3కి హెచ్ఆర్ ఒప్పుకున్నారు. ప్రీమియం వద్దని రాస్తే కంపెనీ లాయర్ ఫోన్ చేసి, అందరూ త్వరగా చెయ్యమని ప్రాణం తీస్తారు, ఆలస్యం చెయ్యమని అడిగింది మీరే అన్నాడు. అమ్మ దగ్గరికి వెళ్లేది మాత్రం ఇంకా తేలలేదు. మార్చిలో హైదరాబాద్‌లో ఎవరికైనా ఇంటర్వ్యూ అయితే ఎన్ని రోజులు పట్టిందో ఇక్కడ రాయండి.