పగిలిన ల్యాప్‌టాప్ తెర ఆపేసి, మానిటర్ ఒక్కదానిలోనే పని చేసుకోవడం ఎలా?

శుభలేఖల షాపు, తెనాలి:
మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, దినం కార్డులు చేస్తుంటాం. మా అమ్మాయి బీటెక్ అయ్యాక వదిలేసిన ల్యాప్‌టాప్ మీదే నా పనంతా. పోయిన నెల బల్ల మీంచి కింద పడి, తెర ఎడమ సగం సిరా ఒలికినట్టు నల్లబడిపోయింది. ఇంత పాతదానికి కొత్త తెర దండగని, సెకండ్‌హ్యాండ్‌లో 22 అంగుళాల మానిటర్ కొని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించాను.

బొమ్మయితే వచ్చింది. కానీ కార్డులు తయారుచేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే టూల్‌బాక్స్ పోయి సరిగ్గా ఆ నల్ల మరకలో కూర్చుంటోంది. మౌస్ బాణం కూడా ఎడమకి జారి మాయమైపోతోంది. నిన్న పెళ్లివారు పక్కనే కుర్చీలో ఉన్నారు, ముహూర్తం టైములో ఒక్క అంకె దిద్దాలి. బాణం ఎక్కడుందో తెలియక, పిండి రుబ్బినట్టు మౌస్ తిప్పుతూ కూర్చున్నాను. డూప్లికేట్ (రెండు తెరల్లోనూ ఒకే బొమ్మ) పెడితే బాణం దొరుకుతోంది గానీ మానిటర్‌లో అక్షరాలు మసక. ఒత్తులు, వట్రసుడులు ఆనడం లేదు. బ్రైట్‌నెస్ సున్నా చేశా, లాభం లేదు. మూత వేస్తే సిస్టం పడుకుంటోంది. విండోస్ 10.

రాత్రి డ్యూటీ:
బ్రైట్‌నెస్ తగ్గిస్తే తగ్గేది తెర వెనక దీపం వెలుగు మాత్రమేనండీ. విండోస్ లెక్కలో ఆ తెర ఇంకా ఉన్నట్టే, అందుకే ప్రోగ్రాముల కిటికీలు అటు వెళ్తున్నాయి. విండోస్ కీ పట్టుకుని పీ నొక్కండి. నాలుగు వరసలు వస్తాయి. ఆఖరిది, సెకండ్ స్క్రీన్ ఓన్లీ, ఎంచుకోండి. ల్యాప్‌టాప్ తెర లెక్కలోంచే పోతుంది.

డూప్లికేట్‌లో మసక ఎందుకంటే, రెండు తెరలకీ ఒకే కొలత (రిజల్యూషన్, అంటే అడ్డం, నిలువు చుక్కల లెక్క) పంపాలి. మీ పాత ల్యాప్‌టాప్‌ది బహుశా 1366 × 768 అయి ఉంటుంది. మానిటర్ 1920 × 1080 అయితే ఆ చిన్న బొమ్మనే సాగదీసి చూపిస్తుంది. ఇప్పుడు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రికమెండెడ్ అని ఉన్న రిజల్యూషన్ పెట్టండి, ఒత్తులు తేటగా కనపడతాయి.

కేబుల్ కృష్ణ:
మూత కూడా వేసేయాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లండి. ఎడమ పక్కన మూత వేస్తే ఏం చేయాలో చెప్పే లింకు ఉంటుంది. అక్కడ ప్లగ్డ్ ఇన్ కింద డూ నథింగ్ పెట్టి సేవ్ చేయండి. ఆన్ బ్యాటరీ జోలికి వెళ్లొద్దు. నేను రెండూ మార్చేసి, ఆన్‌లోనే ఉందని చూసుకోకుండా బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను. దిగేసరికి బ్యాగు ఇస్త్రీపెట్టెలా కాలుతోంది.

అయినా మీ షాపులో ఎండాకాలం మూత తెరిచి ఉంచడమే మంచిది. కొన్ని మోడళ్లలో వేడి కీబోర్డు మీదుగా, మూత సందులోంచి పోవాలి.

మామిడితోట:
మ్యాక్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే: మ్యాక్‌బుక్‌లో విడిగా సెట్టింగ్ అక్కర్లేదు. ఛార్జరు, బయటి కీబోర్డు, మౌస్ తగిలించి మూత వేస్తే బొమ్మ మానిటర్‌లోకి వస్తుంది.

శుభలేఖల షాపు, తెనాలి:
అయిందండీ! సెకండ్ స్క్రీన్ ఓన్లీ పెట్టగానే టూల్‌బాక్స్ బుద్ధిగా మానిటర్‌లోకి వచ్చేసింది. మూత వేయలేదు. బయటి కీబోర్డు కొనలేదు, అక్షరాలు ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే కొట్టాలి కదా.

సాయంత్రం ఒక గంట కరెంటు పోయింది. మానిటర్ ఆరిపోయింది, ల్యాప్‌టాప్ తెరా నలుపే. లోపల ఫ్యాను మాత్రం గుయ్‌మంటోంది. సేవ్ చేయని కార్డు అందులోనే ఉంది. చీకట్లోనే కంట్రోల్ ఎస్ తడిమి నొక్కాను. తర్వాత హెచ్‌డీఎంఐ కేబుల్ పీకితే రెండు క్షణాల్లో పాత తెర వెలిగింది, నల్ల మరకతో సహా. ముహూర్తం అంకె మరక పక్కనే ఉంది, సరిగ్గానే ఉంది. ఇప్పుడు మానిటర్ కోసం యూపీఎస్ చూస్తున్నా.