సొంత పొలంలో మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు వెతకడం తప్పా?

రేగడిచేను:
మాది పెద్దపల్లి జిల్లా. పాత బౌద్ధ స్తూపం ఉన్న ధూళికట్టకు మరీ దూరం కాదు. తొలకరి వానకు పైమన్ను కొట్టుకుపోయాక మా చేలో సీసపు బిళ్ళలు తేలడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. ఉద్యోగం వచ్చాక ఒక మెటల్ డిటెక్టర్ కొనుక్కున్నాను. పండగకు ఊరికి వెళ్ళినప్పుడల్లా ఎండ ఎక్కకముందే దాన్ని పట్టుకుని చేనంతా తిరుగుతాను. దొరికేవి ఎక్కువగా ట్రాక్టరు బోల్టులు, కర్రు ముక్కలు, సీసా మూతలు. అప్పుడప్పుడు ఒక నాణెం. మొన్న దొరికిన దాన్ని చింతపండుతో తోమితే ఏనుగు తొండం చక్కగా కనిపించింది. వెనుక వైపు ఉజ్జయిని గుర్తు, అదే సాతవాహన నాణేల మీద ఉండే అడ్డగీతలతో కలిపిన నాలుగు సున్నాలు. ఆ ఫోటో చూసి మా బంధువు ఒకాయన పోలీసులు వస్తారని భయపెట్టాడు. పొలం నాది, యంత్రం నాది, అమ్ముకునే ఉద్దేశం లేదు. ఇందులో తప్పేముందో తెలిసినవారు చెప్పండి.

చెరువుకట్ట:
మా నాన్నగారు ఇలాంటివి ఇత్తడి చెంబులో వేసి ఉంచారు. ఎవరికి చూపాలో తెలియక అలాగే ఉన్నాయి.

మట్టిపొర:
ముందు ఆ చింతపండు మానండి. రాగి చెంబుకు మెరుపు తెచ్చే పులుపే సీసానికి చేటు. పులుపు తగిలిన సీసం మీద కొన్నాళ్ళకు తెల్లటి పొడి లేస్తుంది, దానితో పాటే అక్షరాలు రాలిపోతాయి. చాలా సాతవాహన నాణేల మీద రాజు పేరు అంచు చుట్టూ బ్రాహ్మీ లిపిలో ఉంటుంది. తొండం కనిపించిందని మీరు సంతోషపడుతున్నారు. ఆ తోమడంలో ఎవరి పేరు పోయిందో?

ఇక మీ ప్రశ్న. 2024 మార్చిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో పురావస్తు శాఖ తవ్వకాల్లో రెండడుగుల లోతున ఒక కుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు, సాతవాహనుల తర్వాత ఈ నేలను ఏలిన ఇక్ష్వాకుల కాలానివి. కుండ మూతిని పైనుంచి ఒక లోతు తక్కువ పాత్రతో, లోపల పగిలిన గిన్నె అడుగుతో మూసి ఉంచారు. ఎవరో తీరికగా, మళ్ళీ వచ్చి తీసుకుందామనుకుని దాచిన సొమ్ము అది. మూత, కుండ, లోతు, చుట్టూ ఉన్న పూసలు, శంఖు గాజుల ముక్కలు అన్నీ ఉన్నచోట ఉండబట్టే ఈ మాట అనగలుగుతున్నాం. అదే కుండ డిటెక్టర్ పట్టుకున్న వాడికి చిక్కి ఉంటే పారతో ఒక్క పోటు, పెంకులు గట్టు మీదికి, నాణేలు సంచిలోకి. సంచిలో పడ్డాక అవి వట్టి సీసం.

రేగడిచేను:
ఫణిగిరి బౌద్ధ క్షేత్రం. మాది పత్తి చేను. మా ముత్తాతల కాలంలో ఊరి పాటిగడ్డ, అంటే పాత ఊరు ఉండిన దిబ్బ, తవ్వి బండ్ల కొద్దీ పాటిమన్ను తోలి ఎరువుగా చల్లారు. నాణేలు ఆ మన్నుతో వచ్చినవే. ఆ తర్వాత ఏటా నాగలి, ఇప్పుడు ట్రాక్టరు ఆ మట్టిని తిరగేస్తూనే ఉన్నాయి. మీరు చెప్పే పొరలు మా చేలో ఎక్కడున్నాయి? నా యంత్రం చిన్న నాణేన్ని జానెడు లోతు దాటి పట్టలేదు. ఎర్రనేలలో అదీ కష్టమే, నేలలోని ఇనుము దాన్ని తికమక పెడుతుంది. దున్నిన మట్టిలో నుంచి తీయడం చరిత్రను చెరపడం ఎలా అవుతుందో చెప్పండి.

కోర్టుమెట్లు:
చట్టం సంగతి నేను చెబుతాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం, అంటే నేలలో దొరికే నిధుల చట్టం, ఇప్పటికీ ఉంది. నేలలో దాగి ఉన్నది ఏదైనా దొరికి, దాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏమి దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది రాయాలి. తెలపకపోతే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పొలం మీదే అయినా ఇదే వర్తిస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా తవ్వితే అది మరో నేరం. డిటెక్టర్ దగ్గర ఉంచుకోవడం నేరమని మాత్రం ఈ చట్టాల్లో లేదు.

రేగడిచేను:
పది రూపాయలా! అయితే నాకు వర్తించదు. నా నాణెం రెండు గ్రాములు. కిలో సీసం రెండు వందలు అనుకున్నా దాని విలువ అర్ధ రూపాయి కూడా కాదు.

కోర్టుమెట్లు:
విలువ అంటే లోహం విలువ అని ఆ సెక్షనులో లేదండి. మార్కెట్లో అది ఎంత పలుకుతుందన్నది చూడవచ్చు.

నాణేలపెట్టె:
నాణేల ప్రదర్శనల్లో సాతవాహన సీసపు నాణేలు బహిరంగంగానే అమ్ముతారు. పది రూపాయలకు ఎవరూ ఇవ్వరు. ఎక్కడ దొరికాయని కూడా ఎవరూ అడగరు.

రేగడిచేను:
కోర్టుమెట్లు గారూ, ఆ ట్రెజర్ ట్రోవ్ చట్టంలోనే పదహారో సెక్షను చదివాను. నిధిని ప్రభుత్వం తీసుకోదలిస్తే దొరికినవారికీ భూమి యజమానికీ ఇచ్చేది లోహం విలువ, దాని మీద ఐదో వంతు అదనం. అంతే. నన్ను పట్టుకోవడానికి మార్కెట్ విలువ, నాకు ఇవ్వడానికి లోహం విలువ! ఫణిగిరి కుండనే తీసుకోండి. ఒక్కో నాణెం సగటున 2.3 గ్రాములని అప్పుడు పత్రికల్లో వచ్చింది. మొత్తం ఎనిమిదిన్నర కిలోలు. ఒక రైతుకు తన చేలో అది దొరికి ఉంటే ఐదో వంతు కలుపుకుని చేతికి వచ్చేది రెండు వేల రూపాయలు. పత్తి ఏరే కూలీలకు కూడా చాలదు. ఆ రైతు కలెక్టరాఫీసుకు ఎందుకు వెళ్తాడు?

మట్టిపొర:
మీరు పది రూపాయలను పట్టుకుని వేలాడుతున్నారు. చట్టం పాతదే, మార్చవలసిందే, ఒప్పుకుంటాను. నేను అడుగుతున్నది వేరు. పాటిమన్నుతో వచ్చిన నాణెం కూడా సాక్ష్యమే. ఏ మూల చేలో ఎక్కువ తేలాయి, ఏ రకంవి తేలాయి అన్నది పటం మీద గుర్తు పెడితే పాటిగడ్డలో ఏ వైపు మన్ను తవ్వారో, అక్కడ ఏముండేదో కొంతైనా తెలుస్తుంది. మీరు ఒక్కదానికైనా చోటు రాసుకున్నారా? అన్నీ ఒకే డబ్బాలో వేసి ఉంటారు. చేలో ఏమీ మోగని రోజున మీ కాళ్ళు పాటిగడ్డ వైపు పోవని నమ్మకం ఏమిటి?

రేగడిచేను:
అంటే నన్ను దొంగ అంటున్నారా?

లీసెస్టర్‌తెలుగు:
ఇక్కడ ఇంగ్లండులో ఇది వేలమంది సరదా. 1996 నాటి చట్టం ప్రకారం నిధి అనిపించేది దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే స్థానిక అధికారికి తెలపాలి. మ్యూజియం కొంటే మార్కెట్ ధర కడుతుంది, దొరికినవారూ భూయజమానీ పంచుకుంటారు. 2009లో బయటపడిన స్టాఫర్డ్‌షైర్ బంగారు నిధికి 32.85 లక్షల పౌండ్లు కట్టారు. నిధి కిందకు రాని రాగి, సీసం వస్తువులను 1997 నుంచి ఒక పథకం కింద నమోదు చేస్తున్నారు. వస్తువు చూస్తారు, ఫోటో తీస్తారు, దొరికిన చోటు రాసుకుంటారు, వస్తువు తిరిగి చేతిలో పెడతారు. అలా పది లక్షలకు పైగా నమోదయ్యాయి. 1992లో హాక్స్‌న్ గ్రామంలో పొలంలో పోయిన సుత్తిని వెతుకుతున్న మనిషికి రోమన్ కాలపు బంగారం తగిలింది. ఆయన తవ్వడం ఆపి కబురు పంపాడు. పురావస్తు నిపుణులు వచ్చి మిగిలినది తీశారు కాబట్టి ఆ సొమ్మును చెక్కపెట్టెలో ఎలా సర్ది పెట్టారో కూడా తెలిసింది. ఆ సుత్తి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మట్టిపొర:
హెర్‌ఫర్డ్‌షైర్ కథ కూడా చెప్పండి. 2015లో ఇద్దరు డిటెక్టర్‌వాళ్ళకు వైకింగుల కాలపు నాణేలు, నగలు దొరికితే చెప్పకుండా అమ్ముకున్నారు. 2019లో జైలుకు వెళ్ళారు. వందల నాణేల్లో ఎక్కువ భాగం ఇంకా దొరకలేదు. మార్కెట్ ధర ఇస్తామన్న దేశంలోనే ఇలా జరిగింది.

ఇక్కడ డిటెక్టర్ ఎవరి చేతికి వెళ్తుందో మీకు తెలియదా? మా ఊరి శివారులో పాత శివాలయం ఉంది. గుప్తనిధుల ముఠా ఒకటి యంత్రం తెచ్చుకుని అమావాస్య రాత్రి నందిని పెకలించింది. పొద్దున మా నాయనమ్మ దీపం పెట్టడానికి వెళ్తే నంది మూడు ముక్కలై పక్కకు పడి ఉంది. కింద నడుము లోతు గొయ్యి, అందులో నిమ్మకాయలు, పసుపు. ఏమీ దొరకలేదు వాళ్ళకు. నేను పురావస్తు శాస్త్రం చదివింది ఆ గొయ్యి చూసి. సరదా అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

రేగడిచేను:
మీ ఊరి నందిని పగలగొట్టిన వాడికీ నాకూ సంబంధం ఏమిటి? మీకు గొయ్యి గుర్తొస్తే నాకు మా తాత గుర్తొస్తాడు. బావి తవ్విస్తుంటే ఆయనకు ఒక కుండ దొరికింది. దాచుకోలేదు. బండి కట్టించుకుని వెళ్ళి అధికారులకు అప్పగించాడు. ఆ రోజు నుంచి ఇంటికి మనశ్శాంతి లేదు. ఇంకా ఎన్ని కుండలు దాచావని వారాల తరబడి పిలిచి కూర్చోబెట్టారు, పొయ్యి గద్దె కూడా తవ్వారు. అప్పగించినట్టు చిత్తు కాగితం ఇవ్వలేదు. ఆ నాణేలు ఎక్కడున్నాయో మాకు తెలియదు. నాకు తెలిసిన ఏ జాబితాలోనూ మా ఊరి పేరు లేదు. అప్పటి నుంచి మా ఊళ్ళో ఎవరికి ఏది దొరికినా నోరు విప్పరు. సీసమైతే కరిగించి చేపల వలలకు గుండ్లు పోసుకుంటారు. వాటిని కరగనివ్వకుండా దాస్తున్నవాణ్ణి నేను ఒక్కణ్ణే. మీరు నన్నే నిలదీస్తున్నారు.

చెరువుకట్ట:
వలల గుండ్ల మాట నిజం. మా వైపూ చేసేవారు.

మట్టిపొర:
మీ తాతగారికి జరిగింది అన్యాయం. కానీ దానికి విరుగుడు మీ డబ్బా కాదు. మీ తర్వాత ఆ డబ్బా ఎవరికి పోతుంది? పిల్లలకు అది ఏ చేలోదో కూడా తెలియదు.

రేగడిచేను:
మీ స్టోరు రూములో ఉన్నవాటి సంగతి ఎవరికి తెలుసు? కనీసం నా డబ్బా మా ఊళ్ళో ఉంటుంది. బడి పిల్లలు వచ్చి చేతిలో పట్టుకుని చూస్తారు.

గోదావరిగట్టు:
ఇద్దరూ కాస్త ఆగండి నాయనా. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. కోటిలింగాల పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎలా ఎక్కిందో గుర్తు చేస్తాను. గోదావరి ఒడ్డున కోటదిబ్బ మీద దొరుకుతున్న నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ గారు సేకరించారు. వాటిని శాసనాల పండితులు పరబ్రహ్మశాస్త్రి గారు చదివారు. సాతవాహన మూలపురుషుడు సిముకుడి నాణేలు, అంతకంటే ముందరి గోబద, నారన, కంవాయ, సమగోప అన్న పేర్లు అలా లోకానికి తెలిశాయి. శర్మ గారి దగ్గర యంత్రం లేదు, ఉద్యోగ హోదా లేదు. నేల మీద తేలినవి ఏరారు, చోటు చెప్పారు, చదవగలిగిన మనిషి చేతికి ఇచ్చారు. ఆ మనిషి ఆయన్ను దొంగగా చూడలేదు. మీరిద్దరూ నాణెం గురించి కొట్లాడుకుంటున్నారని నాకు అనిపించడం లేదు. దొరికింది దొరికినట్టు వెళ్ళి చెప్పగలిగిన మనిషి ఒకరు ఊరికి అందుబాటులో లేరు. కొట్లాటంతా దాని గురించే.

మట్టిపొర:
పంతులుగారూ, నరహరి శర్మ గారు పార పట్టలేదు. తేడా అక్కడే ఉంది. యంత్రం మోగగానే తవ్వాలనిపిస్తుంది. రేగడిచేను గారూ, నేను దొంగ అన్న మాట అనలేదు, అనను కూడా. డబ్బా తెరిచి ఒక్కో నాణేన్ని విడివిడిగా కాగితంలో పెట్టండి. ఏ మడిలో దొరికిందో గుర్తున్నంత వరకు రాయండి, ఫోనులో ఫోటో, కింద ఒక స్కేలు. జానెడు కింద ఏదైనా గట్టిగా మోగితే మట్టి కప్పేసి వెళ్ళండి. పాటిగడ్డ మీద యంత్రం పెట్టనని ఇక్కడ మాట ఇవ్వండి.

కోర్టుమెట్లు:
నోటీసు రెండు ప్రతులు రాయండి. కలెక్టరేటులో ఇన్‌వర్డు ముద్ర, నంబరు, తేదీ మీ ప్రతి మీద వేయించుకోండి. వెళ్ళలేకపోతే చేరినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో పంపండి. నాణేలు అప్పగించమంటే బరువు, సంఖ్య, ఫోటోలతో పంచనామా రాయించి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. మీ తాతగారి దగ్గర లేనిది ఆ కాగితమే.

రేగడిచేను:
నోటీసు రాస్తాను. చింతపండు ముట్టను. మడి వారీగా రాసి పెడతాను, అది మంచి మాటే. పంచనామా లేకుండా ఒక్క నాణెం కూడా ఇవ్వను. పాటిగడ్డ విషయంలో మాట మాత్రం ఇవ్వను మట్టిపొర గారూ. అందులో సగం మా పట్టా భూమి. ఇటుక బట్టీల వాళ్ళు మిగతా సగం ట్రాక్టర్లతో తోలుకుపోతుంటే ఒక్క అధికారీ వచ్చి ఆపలేదు. మీరు అనుమతితో, గుంతలు కొలిచి, లెక్కగా తవ్వుతామని రండి. నేను అడ్డం రాను, తట్ట మోస్తాను. మీరు రాకముందు బట్టీ ట్రాక్టరు వస్తే నేను యంత్రం పట్టుకుని దానికంటే ముందే దిబ్బ ఎక్కుతాను.

మట్టిపొర:
బట్టీకి మన్ను తోలుతున్న చోటు ఫోటోలు ఈ రోజే పెట్టండి, తేదీతో సహా. అది మీ నాణెం కంటే ముందు తేలవలసిన విషయం.