"పొట్ట విచ్చి"యా, "పొట్ట విప్పి"యా?

పెన్సిల్వేనియా ప్రవాసి: మా పక్కింటి పెద్దాయన పాతకాలపు రైఫిల్ ఒకటి సొంతంగా చేసుకుంటున్నారు. గొట్టం మూతిలోంచి మందు దట్టించి చెకుముకిరాయితో పేల్చే రకం. దాని చెక్కభాగానికి ఇక్కడి బ్లాక్ చెర్రీ పలక ఎంచారు. పైకి ఒక్క ముడి లేదు. తీరా గొట్టం కూర్చోడానికి ఉలితో గాడి తీస్తుంటే లోపల నల్లటి బంక చార! వెంటనే వేమన గుర్తొచ్చాడు. "మేడిపండు చూడ మేలిమై యుండు, పొట్ట..." అక్కడ ఆగిపోయాను. విచ్చి చూడనా, విప్పి చూడనా? మా సంఘం పత్రికకి రాస్తున్న వ్యాసానికి అదే శీర్షిక. పనిలో పని, తుపాకి చెక్కభాగాన్ని మన వైపు ఏమంటారు?

గణవిభజన: ముందు మొదటి పాదం సరిచేసుకోండి. "యుండు" కాదు, "యుండును". ఆటవెలదిలో ఆ చోట ఇంద్రగణం పడాలి. "యుండును" భగణం, సరిపోయింది. మీరు రాసింది ఉత్త గలం, అంటే ఒక గురువు, ఒక లఘువు. ఇక రెండో పాదానికి ఛందస్సు సాక్ష్యం చెప్పదు. విచ్చి, విప్పి రెండూ గలాలే. యతి పొ–పులకు, ఈ మాట జోలికి రాదు.

బడిపంతులు: నేను చదువుకున్నదీ, పిల్లలకు చెప్పిందీ "విప్పి". విచ్చడం పువ్వు చేసే పని, దానంతట అదే జరుగుతుంది. పండు పొట్ట ఎవరో ఒకరు విప్పాలి కదా!

నల్లమల: పంతులుగారూ, పాత తెలుగులో విచ్చు సకర్మకంగానూ నడిచింది. పైగా "విప్పి" అంటే మూట విప్పినట్టు, ముడి విప్పినట్టు. మేడిపండుకి ముడి ఎక్కడుంది? రెండు బొటనవేళ్లతో నొక్కితే విచ్చుకుంటుంది.

బడిపంతులు: గొంతు విప్పడానికి ముడి కావాలా నాయనా?

ఉలి బాడిసె: మాది వడ్రంగం ఇల్లు. కర్ర "విచ్చింది" అంటాం, "విప్పింది" అనం. నా ఓటు విచ్చికే. తుపాకి చెక్కని మా తాత "కుందా" అనేవాడు. ప్రవాసి గారూ, ఆ చెర్రీలో పొర, అంటే చెక్క నార, ఎటు పోతోందో చూశారా? చెయ్యి పట్టుకునే సన్నటి చోట పొర అడ్డంగా వస్తే, ఎంత నున్నగా ఉన్నా అక్కడే పుటుక్కుమంటుంది. వంపు వెంబడే పొర నడవాలి. మొదలు దగ్గర సహజంగా వంగిన చెక్క దొరికితే అదృష్టమే. మొక్కై వంగనిది మానై వంగదు మరి.

పెన్సిల్వేనియా ప్రవాసి: పొర బాగానే ఉందండీ, ఆయన ముందు చూసింది అదే. ఇక్కడి పాత రైఫిళ్లకు ఎక్కువగా మేపుల్ వాడారు. న్యూ ఇంగ్లండ్ వేట తుపాకుల్లో చెర్రీ తరచు కనిపిస్తుంది. గట్టిదనంలో హార్డ్ మేపుల్‌కి 1450 అంకె ఇస్తే దీనికి 950. ఉలికి హాయిగా లొంగుతుంది. రంగు వేస్తే మాత్రం మచ్చలు మచ్చలుగా పీలుస్తుంది. అసలు వెయ్యకపోయినా వెలుతురు తగిలే కొద్దీ ఎర్రబారుతుందట.

నల్లమల: "కుందా"నా, "కుంద"నా? రోటి కుందెనకి చుట్టం అయ్యుండాలి.

గణవిభజన: కాదు. పారసీలో కుందా అంటే దుంగ, మొద్దు. ఇంగ్లీషు స్టాక్ కూడా మొదట చెట్టు మొద్దే. తుపాకి అన్న మాటే తుర్కీ నుంచి వచ్చింది, దానికి రోలు, రోకలి తగిలించకండి.

నల్లమల: రోలు మాత్రం మొద్దు కాదా స్వామీ?

మేడిచెట్టు నీడ: అసలు "పురుగులుండు" గురించి ఎవరూ మాట్లాడరేం? మేడిపండులో ఉండేవి చిన్న కందిరీగలు. అవి లేకపోతే మేడికి విత్తనమే లేదు. వేమన్న చెట్టుకి అన్యాయం చేశాడు.

ఉలి బాడిసె: చెర్రీకి మాత్రం న్యాయమే చేశాడు. ఆ బంక చారలు ఊరికే రావు. బెరడు కింద పురుగు తొలిస్తే చెట్టు బంక కారుస్తుంది, ఏళ్లు గడిచాక అది చెక్క లోపలికి పోతుంది. పొట్ట విచ్చి చూస్తే పురుగు పనే!

బడిపంతులు: విప్పి చూస్తే.

పెన్సిల్వేనియా ప్రవాసి: మూడో పాదం ఇంకా బాగా అతుకుతుంది కదా, "పిరికివాని మదిని బింకమీలాగురా". తుపాకి వ్యాసానికి అదే శీర్షిక పెట్టనా?

గణవిభజన: పక్కింటాయనకి తెలుగు రాదు కాబట్టి పెట్టొచ్చు. రెండో పాదం సంగతి తేలదు. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించేనాటికే అవి తాళపత్రాల్లో, జనం నోళ్లలో ఎన్నో రూపాల్లో తిరిగాయి. నా చెవికి మాత్రం పొట్ట, విప్పి, పురుగు అని పకారాలు వరసగా పడటమే బాగుంది.

నల్లమల: ఇందాక ఛందస్సు సాక్ష్యం చెప్పదన్నారుగా! ఇప్పుడు చెవిని బోనెక్కించారా?

పెన్సిల్వేనియా ప్రవాసి: రేపు వ్యాసం పంపాలి, టెన్షన్ పెట్టకండి. "పొట్ట" దాకా రాసి చుక్కలు పెట్టేస్తాను.

గణవిభజన: చుక్కలకి గణాలు చాలవు.