రిలయబిలిటీకి 'విశ్వసనీయత' సరిపోతుందా?

అందరికీ నమస్కారం. ఒక మాట విషయంలో మీ సాయం కావాలి.

విజయవాడలో మా చిన్న కంపెనీ సహకార సంఘాలకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. ఈ మధ్య బయటి ల్యాబ్ ఒకటి దాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చింది. సంఘాల వాళ్లకు అర్థమయ్యేలా దాన్ని తెలుగులో రాసే పని నాకు పడింది. "సాఫ్ట్‌వేర్ నాణ్యత, విశ్వసనీయతల స్వతంత్ర ధ్రువీకరణ" అని రాశాను కానీ మనసొప్పలేదు.

'నాణ్యత'తో నాకు పేచీ లేదు. నాణెం, నాణ్యం రెండూ సంస్కృత 'నాణకం' నుంచి వచ్చినవే. నాణెం మంచిదో దొంగదో చూసి చెప్పేవాణ్ని మనం షరాబు అన్నాం. యాజ్ఞవల్క్య స్మృతిలో అయితే అతను నాణకపరీక్షి. మంచి నాణేన్ని దొంగదనీ, దొంగదాన్ని మంచిదనీ చెబితే అతనికి భారీ జరిమానా వేయాలని అందులో ఉంది. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ కాని మూడో మనిషి పరీక్ష ఈ మాట పుట్టిన చోటే ఉందన్నమాట. ఇది తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

చిక్కంతా 'విశ్వసనీయత'తోనే. నాయకుల విశ్వసనీయత, వార్తల విశ్వసనీయత అని పేపర్లో రోజూ చదువుతాం. అది మాట మీద నమ్మకం. రిలయబిలిటీ అది కాదు. చెప్పిన పరిస్థితుల్లో, చెప్పినంత కాలం, చెప్పిన పని చేయడం. ఐఎస్‌ఓ/ఐఈసీ 25010 అనే అంతర్జాతీయ ప్రమాణం 2011లో సాఫ్ట్‌వేర్ నాణ్యతకు 8 లక్షణాలు చెప్పింది, 2023లో వాటిని 9 చేసింది. రెండింటిలోనూ రిలయబిలిటీ ఒక లక్షణం. దాని కిందికి తప్పులు లేకుండా నడవడం, కావలసినప్పుడు అందుబాటులో ఉండటం, లోపం వచ్చినా తట్టుకోవడం, పడిపోతే కోలుకోవడం వస్తాయి.

మా మొదటి వెర్షన్‌లో వడ్డీ లెక్క పైసాతో సహా సరిగ్గా వచ్చేది. కానీ మార్చి 31 సాయంత్రం సంఘాలన్నీ ఒకేసారి ఖాతాలు ముగించబోతే ఆగిపోయింది. రాత్రంతా టెన్షన్. లెక్క తప్పలేదు, ఎవరినీ మోసం చేయలేదు. నిలవలేదు, అంతే. అందుకే 'నిలకడ' అంటే ఎలా ఉంటుంది? నిజం నిలకడ మీద తెలుస్తుందంటాం కదా. ల్యాబ్ వాళ్లూ అదే చేశారు. రోజుల తరబడి నడిపించి, ఎన్నిసార్లు ఆగింది, ఆగితే ఎంతసేపటికి లేచింది అని లెక్కపెట్టారు.

గుంటూరు నుంచి ఒక పెద్దాయన:
నిలకడ బాగుంది బాబూ. నేను చాలా ఏళ్లు మిర్చి యార్డులో ఉన్నాను. బస్తా విప్పగానే రంగు చూస్తాం, తాలు కాయలు ఎన్నున్నాయో చూస్తాం. అది నాణ్యత. చేత్తో నలిపి తేమ కూడా చూస్తాం. ఇవాళ ఎర్రగా నిగనిగలాడే కాయ తేమ మీద ఉంటే నిల్వలో బూజు పడుతుంది. మీరు చెప్పే నిలకడ చూడటం ఆ తేమ చూడటం లాంటిదే.

ఇంకొక సభ్యురాలు:
నిలకడ అంటే మనిషి స్వభావం గుర్తొస్తుందండీ, "నిలకడ లేని మనిషి" అంటాం. ఆఫీసు కాగితాల్లో విశ్వసనీయతే అలవాటు. అదీగాక 'ధ్రువీకరణ'ను వదిలేశారేం?

నా జవాబు:
మేడమ్, మీరన్న ఆ వాడుకే నాకు బలం. నిలకడ లేని మనిషి అంటే అబద్ధాలాడేవాడని కాదు, ఇవాళ ఉన్నట్టు రేపు ఉండడని. సాఫ్ట్‌వేర్ గురించి చెప్పవలసిందీ అదే.

ధ్రువీకరణ గురించి బాగా అడిగారు. ధ్రువమంటే కదలనిది. పుట్టిన తేదీకి ఆ మాట సరిపోతుంది, అది మారదు. మా సాఫ్ట్‌వేర్ నెలకోసారి మారుతుంది. సర్టిఫికెట్ మాత్రం పరీక్షించిన వెర్షన్‌కే. పెద్దాయనకు ఇది తెలిసిన సంగతే. 1937 చట్టంతో వచ్చిన అగ్‌మార్క్ ముద్ర పరీక్షించిన సరుకుకే గాని వ్యాపారి పేరుకు కాదు, ఒక లాట్ ముద్ర ఇంకో లాట్‌కు పనికిరాదు. అందుకని ధ్రువీకరణ తీసేసి 'పరీక్షలో తేలినది' అని రాస్తున్నాను.

'స్వతంత్ర' కూడా తీసేశాను. ఎన్నికల్లో అభ్యర్థికి ఆ మాట స్థిరపడిపోయింది. పైగా ల్యాబ్‌కు ఫీజు కట్టింది మేమే. ఫలితంలో మేం వేలు పెట్టలేదు, కానీ ఫీజు సంగతి కూడా సంఘాలకు తెలియాలి.

ఇప్పటికి ఇలా ఉంది: "బయటి ల్యాబ్ పరీక్షలో తేలిన నాణ్యత, నిలకడ. ఈ వెర్షన్‌కు మాత్రమే. పరీక్ష ఫీజు కట్టినది: తయారు చేసిన కంపెనీ."

'వెర్షన్'కు మాత్రం మంచి తెలుగు మాట దొరకలేదు. 'కూర్పు' అంటే పుస్తకం అనుకుంటారేమో. యార్డు మాట ఏదైనా పనికొస్తుందా పెద్దాయనా?